రివాల్వరు గుఱి: దాని పూర్వకథ



గోడ కట్టు తాపీపనివాడు రెండు కొనల నడుమ దారము బిగించి, ఒక కన్ను మూసి, ఆ దారము వెంబడి చూచుట మీరందఱు నెఱిగినదే. పొలము కొలుచువారు పాతిన కఱ్ఱలను ఒక వరుసలో నున్నవా లేదా యని చూచుటయు నట్టిదే. కంటికిని దూరమున నున్న వస్తువునకును నడుమ రెండు గురుతులను నిలిపి, అన్నిటిని ఒకే రేఖమీదికి దెచ్చుట యందలి కిటుకు. తుపాకి గుఱి యనునదియు నింతకంటె వేఱు కాదు. గొట్టపు కొనయందు నిలువుగా నుండు చిన్న ఱెక్క ముందరి గుఱి. కంటి దిక్కున నుండు గాడి వెనుకటి గుఱి. గాడి నడుమ ఱెక్క నిలిచి, ఱెక్కపైని లక్ష్యము నిలిచినచో గుండు అచ్చటికే పోవలయును. పోవలయు నంటినే కాని, పోవునని యనలేదు. ఆ రెండు మాటల నడుమనున్న యెడమే నేటి నా ప్రసంగమునకు విషయము.

నేను చెప్పబోవునది మన జనులు ఆఱుగుండ్ల పిస్తోలనెడు రివాల్వరును గూర్చి. దాని ముందరి ఱెక్క మందము అంగుళములో పదవ వంతో, ఎనిమిదవ వంతో యుండును. అనగా వడ్లగింజ వెడల్పు. ఇంత చిన్న యినుపముక్కను తీసివేసి, దాని స్థానమున వేఱొకటి నిలుపుటకై అమెరికాదేశమున వేలకొలది మనుష్యులు తమ యింటి బల్లలమీద ఆకురాయియు సుత్తియు పెట్టుకొని కూర్చుండిరి. నేటికిని గూర్చుండుచున్నారు. కర్మాగారమున నెన్నియో యంత్రములు చెక్కి, తొలిచి, నునుపుచేసి పంపిన వస్తువునకు మరల ఇంటివాని చేయి యేల కావలసివచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రయం దున్నది.

ఆ చరిత్ర మన దేశమునకు వచ్చు ఓడమీద మొదలైనదన్న మీ కాశ్చర్యము కలుగవచ్చును. అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రమున హార్టుఫర్డు పట్టణమందు 1814లో శామ్యూలు కోల్టు జన్మించెను. పదునాఱవ యేట, 1830లో, అతడు బోస్టను రేవున కోర్వో యను ఓడ నెక్కి కలకత్తాకు ప్రయాణమయ్యెను. ఆ ప్రయాణమందే అతడు ఒక కఱ్ఱముక్కను కత్తితో చెక్కి, తిరుగుడు చక్రముగల తుపాకి నమూనాను జేసెనని ప్రసిద్ధి. ఓడ చుక్కానిచక్రము తిరిగి తిరిగి యొకచోట బిగిసి నిలుచుటను చూచి అతని కా యూహ తోచినదని కొందఱును, లంగరు నెత్తు గిలకను చూచి తోచినదని మఱికొందఱును వ్రాసిరి. గొప్పవాడైన వెనుక మనుష్యుని బాల్యమునకు కథలు తామై వచ్చి చేరుచుండును. కాని కోల్టు చెక్కిన కఱ్ఱ నమూనా భాగములు మాత్రము కథ కావు. అవి యిప్పటికిని హార్టుఫర్డులోని వాడ్సువర్తు అథీనియము ప్రదర్శనశాలలో నున్నవి.

కోల్టు 1835లో ఇంగ్లండునందును, 1836లో అమెరికాయందును తన కల్పనకు హక్కుపత్రములు పొందెను. న్యూజెర్సీలోని పాటర్సను పట్టణమున పెట్టిన మొదటి కర్మాగారము 1842లో మూతపడెను. అతని కథ యంతటితో ముగియవలసినదే. అయితే మెక్సికోతో యుద్ధము వచ్చెను. శామ్యూలు వాకరు అను సేనాని ఈ తుపాకి ప్రయోజనమును అనుభవముచేత నెఱిగినవాడు. అతని ప్రోద్బలముచేత 1847లో ప్రభుత్వము వేయి రివాల్వరులు కావలయునని కోరెను. కోల్టునకు అప్పటికి సొంత కర్మాగారము లేదు. ప్రత్తి గింజలను వేఱుచేయు యంత్రమును కల్పించిన ఈలై విట్నీ పేరు మీరు వినియుందురు. ఆయన కుమారుని కర్మాగారమున వానిని చేయించెను. ఒక్కొక్క రివాల్వరు నాలుగున్నర పౌనుల బరువు. నడుమునకు కట్టుకొని తిరుగుటకు వీలులేక రౌతులు జీనునకు వ్రేలాడ గట్టుకొనుచుండిరి.

ఇక గుఱి సంగతికి వత్తము. ఆ కాలపు కోల్టు రివాల్వరులందు తిరుగుడు చక్రమునకు పైభాగమున ఇనుపచట్రము లేదు; అంతయు ఖాళీ. వెనుకటి గుఱిని నిలుపుటకు తావేది? కోల్టు దానిని గుఱ్ఱము మీద నిలిపెను. మీట నొక్కినపుడు వెనుకనుండి వచ్చి కొట్టు సుత్తివంటి ముక్కను తుపాకి గుఱ్ఱమందురు. దాని శిరస్సున నొక చిన్న గాడి కోసిరి. గుఱ్ఱమును పూర్తిగా వెనుకకు లాగి నిలిపినపుడు మాత్రమే యా గాడి కంటి కెదురుగా వచ్చును. ముందర గొట్టము కొనయందు ఒక యిత్తడి చీలను దిగగొట్టిరి. 1851లో వెలువడి జగత్ప్రసిద్ధమైన నావికాదళపు నమూనాకును గుఱి యింతే. యుక్తి చక్కనిదే. కాని గుఱ్ఱము కదలెడు వస్తువు. వాడుకచేత దాని యిరుసు అరిగిన కొలది పక్కకు వెండ్రుకవాసి యూగును. దానితోడనే గుఱియు నూగును. ఇల్లు కట్టువాడు దారపు కొనను గాలికి కదలు కొమ్మకు గట్టినట్లు!

మఱియొక చిక్కు గూడ గలదు. ఆ రివాల్వరులు దగ్గఱి లక్ష్యమునకు ఎత్తుగా కొట్టునవి. ఇరువదియైదు గజముల దూరమున గుఱిపెట్టినచోటికంటె పలు అంగుళముల పైని గుండు తగులును. దీనికి మందు రెండు విధములు. ముందరి చీల నింకను పొడవైనదానిగ మార్చవలయును. కాదేని గుఱ్ఱపు గాడిని లోతు చేయవలయును. రెండింటివలనను గొట్టపు మూతి క్రిందికి వంగును. 1950 తరువాతి కాలమున ఇటలీ దేశపువారు ఈ పాత మాదిరి తుపాకులకు నకళ్ళు చేసి యమ్మ నారంభించినపుడు, ఆ పాత చిక్కును గూడ నకలు చేసిరి. వానిని కొన్నవారు కోల్టు తాతల కాలపు ఆకురాళ్ళనే మరల పట్టవలసివచ్చెను.

ఇచ్చట ఒక పక్కమాట చెప్పుదును. ఒక యంత్రపు ముక్కను తీసి, అదే రకపు వేఱొక ముక్కను ఇంటనే బిగింప వీలగుట మన కిప్పుడు సామాన్య విషయము. సైకిలునకు గాని, నీటి పంపునకు గాని అంగడినుండి ముక్క తెచ్చుకొని వేసికొనుచున్నాము. పూర్వ మిది లేదు. ఒక తుపాకి మీట మఱియొక తుపాకికి పట్టదు; ప్రతి తుపాకియు నొక కమ్మరి బిడ్డ. ఫ్రాన్సుదేశమున ఓనొరే బ్లాం అనునతడు అన్ని ముక్కలును ఒండొంటికి పట్టునట్లు తుపాకి కీలములను చేసెను. 1785లో పారిసునందు అమెరికా రాయబారిగా నున్న థామసు జెఫర్సను ఆ కర్మాగారమునకు పోయి, కుప్పగా పోసిన ముక్కలలో చేతికి దొరికినవానిని దొరికినట్లు తీసి, స్వయముగా కొన్ని కీలములను కూర్చి చూచెను. అవి చక్కగా నమరినవి. ఆయన వెంటనే స్వదేశమునకు జాబు వ్రాసెను. హార్పర్సు ఫెర్రీ ఆయుధశాలలో జాను హాలు 1820 తరువాత నీ పద్ధతిని నిజముగా సాధించి చూపెను. కోల్టు 1851లో లండను మహాప్రదర్శనమునకు పోయి, అక్కడి ఇంజనీరుల సంఘమున యంత్రములచే తుపాకుల జేయు విధమును గూర్చి యుపన్యసించి, 1853లో లండనులోనే కర్మాగారము తెఱచెను. అది కొలది యేండ్లకే మూతపడుట వేఱు సంగతి. అంత చెప్పినను కోల్టు రివాల్వరు ముక్కలన్నిటిమీదను ఒకే వరుససంఖ్య కొట్టబడి యుండును. ఏల? ఆ ముక్కలను తుదకు చేతితోనే ఆకురాయి పట్టి ఒకదానికొకటి అమర్చుచుండిరి గనుక. యంత్రము తొంబదిపాళ్ళు చేసినను, మిగిలిన పదిపాళ్ళు చేతివే. గుఱి ఆ పదిపాళ్ళలోనిది.

ఇంగ్లండులో రాబర్టు ఆడమ్సు అనునతడు అదే 1851లో చట్రమును గొట్టమును ఒకే ముక్కగా జేసిన రివాల్వరును కల్పించెను. తిరుగుడు చక్రమునకు పైనను ఇనుము వచ్చుటచేత వెనుకటి గుఱి కదలని తావున నిలుచు వీలు కలిగినది. కోల్టు కంపెనీవారు సేనకై చేయు రివాల్వరులందు ఈ మార్గమునకు వచ్చుటకు చాల కాలము పట్టెను. కోల్టు 1862లోనే చనిపోయెను. 1873లో ఆ కంపెనీ సేనకై చేసిన రివాల్వరునకు పైచట్రము గలదు. ఆ చట్రముమీద పొడుగున నొక చాలు తీసిరి. అదియే వెనుకటి గుఱి. ముందర గొట్టమునకు అతికిన సన్నని ఱెక్క. ఈ రెండును స్థిరములు. కదలింప వీలులేదు, విఱుగునను భయమును లేదు. గుఱ్ఱముమీదినుండి క్రింద పడినను గుఱి చెడదు. సైనికునకును పశులకాపరికిని ఇది మేలే.

కాని స్థిరమైన గుఱి ఎవనికి సరిపోవును? దీనిని కొంచెము నెమ్మదిగా విచారింపవలయును. గుండు గొట్టమును విడిచిపోవుటకు ముందే తుపాకి వెనుకకు తన్ని మూతిని పైకెత్తును. ఈ యెత్తును లెక్కలోనికి తీసికొనియే ముందరి ఱెక్కను వెనుకటి చాలుకంటె ఎత్తుగా చేయుదురు. అనగా గుఱి చూచునపుడు గొట్టము నిజమునకు కొంచెము క్రిందికే వంగియుండును. బరువైన గుండు మెల్లగా గొట్టమును దాటును. అంతలో మూతి యెక్కువగా లేచును. గుండు ఎత్తున తగులును. తేలికగుండు వడిగా పోవును, క్రిందుగా తగులును. పట్టు గట్టిగా నున్నవాని కొక విధము, వదులుగా నున్నవాని కొక విధము. కర్మాగారమువా డెవరి చేతికని ఱెక్కను కోయగలడు? ఒక నికరపు తూటాను నిర్ణయించి, సగటు చేతికి సరిపోవునట్లు చేసి పంపును. చెప్పులు కుట్టువాడు పాదము చూడక కుట్టినట్లే.

ఇప్పుడు లెక్క చూడుడు. రెండు గుఱుల నడుమ దూరము ఆఱంగుళము లనుకొందము. లక్ష్యము ఇరువదియైదు గజములు, అనగా 900 అంగుళముల దూరము. 900ను ఆఱుచేత భాగించినచో 150. కాబట్టి ఱెక్కను అంగుళములో నూఱవ వంతు ఆకురాయితో తీసినయెడల, గుండు అక్కడ అంగుళమున్నర పైకి పోవును. నూఱవ వంతన్న నెంత? మన వాడుకలోని కాగితములు రెండు మూడు కలిపి పేర్చినంత మందము. నాలుగు మాఱులు అజాగ్రత్తగా ఆకురాయి త్రోసిన తీఱిపోవును. ముందరి గుఱిని ఎటు కదిపిన గుండు దానికి వ్యతిరేకముగా పోవును. వెనుకటి గుఱిని ఎటు కదిపిన గుండు అటే పోవును. ముందరి ఱెక్కను తగ్గించిన గుండు ఎక్కును. ఈ సూత్రమును తలక్రిందు చేసికొని ఱెక్కను పాడుచేసినవారి కథలు తుపాకులు బాగుచేయు ప్రతివాని యొద్దను పదేసి యుండును. క్రిందుగా కొట్టు తుపాకిని ఆకురాయి బాగుచేయగలదు. ఎత్తుగా కొట్టుదానిని చేయలేదు. ఆకురాయి తీయునే కాని పెట్టలేదు గదా! అప్పుడు ఱెక్కను సాంతము తీసివేసి క్రొత్తది అతుకవలసినదే. గుండు పక్కకు పోవునేని, కొందఱు ఱెక్కనే సుత్తితో వంచుచుండిరి. తెలిసినవారు గొట్టమును దాని మరలలో వెండ్రుకవాసి త్రిప్పుచుండిరి. మొదటిది మోటుపని, రెండవది ఇంటిబల్లమీద చేయదగినది కాదు.

ఈ చిక్కు విడిపోవుటకు యుద్ధము కాక వినోదము కారణమగుట గమనింపదగినది. ఇంగ్లండులో 1860లో వింబుల్డను మైదానమున పోటీలు ప్రారంభమైనవి. విక్టోరియా రాణి మొదటి గుండు పేల్చెను. అందుకై ఒక రైఫిలును ఇనుపపీటపై బిగించి గుఱిచేసి యుంచిరి, ఆమె త్రాడు లాగుట మాత్రమే. 1890లో ఆ పోటీలు బిస్లీ యను చోటికి మాఱినవి. కోల్టు కంపెనీ 1894లో పోటీకాండ్రకై చేసిన రివాల్వరునకు ఆ యూరి పేరే పెట్టెను. ఆ జాతి తుపాకులలో పోటీకై ప్రత్యేకించిన వానియందు వెనుకటి గుఱి వేఱు ముక్క. చట్రముమీద అడ్డముగా, పైని ఇఱుకు క్రింద వెడల్పునగు గాడి కోసి, అందులో నా ముక్కను పక్కనుండి బిగువుగా త్రోయుదురు. మన వడ్రంగులు పెట్టె మూలలను బిగించు పద్ధతి యిదే. కుడికి కావలసిన కుడికి, ఎడమకు కావలసిన ఎడమకు తట్టవచ్చును. గుఱి తొలిసారి యజమాని చేతిలోనికి వచ్చినది ఇక్కడనే యని నా యభిప్రాయము.

1896లో ఏథెన్సు నగరమున జరిగిన ఒలింపికు క్రీడలందు బోస్టనునుండి పోయిన జాను పెయిను, సమ్నరు పెయిను అను సోదరులు సైనికపు పిస్తోలు పోటీలో తమ రివాల్వరులతో మొదటి రెండు స్థానములను గైకొనిరి. అదే దశాబ్దమున అమెరికాలో ప్యాట్రిడ్జి యను పోటీకాడొకడు గుఱి రూపమునే మార్చివేసెను. అంతవఱకును ముందర పూసవంటి గుండ్రని మొన, వెనుక అర్ధచంద్రపు గాడి మంచివని యెంచుచుండిరి. ప్యాట్రిడ్జి రెండింటిని చతురస్రము చేసెను: ముందర నలుపలకల స్తంభము, వెనుక నలుపలకల గాడి, స్తంభమున కిరుప్రక్కల సన్నని వెలుతురు చాఱలు. ఆ రెండు చాఱలును సమానమైనచో పక్కలు సరి; పైయంచులు ఒకే గీతలో నున్నచో ఎత్తు సరి. తెల్లకాగితముమీది నల్ల వలయమును కొట్టుటకు దీనికి సాటిలేదు. మొదట చాలమంది దీనిని మెచ్చలేదు. తరువాత లోకమంతయు దీనినే యనుసరించెను. నేటి పోటీ తుపాకుల గుఱులన్నియు దాదాపుగా ప్యాట్రిడ్జి సంతానమే.

ఇంగ్లండున స్థిరపడిన వాల్టరు వైనన్సు అను అమెరికనును గూర్చి కూడ చెప్పవలయును. ఇతడు 1901లో రివాల్వరు ప్రయోగ విద్యపై పెద్ద గ్రంథము వ్రాసెను. 1908లో ఒలింపికు క్రీడలందు తుపాకికి స్వర్ణపతకము పొందెను. 1912లో గుఱ్ఱపు శిల్పమునకు మఱియొక స్వర్ణపతకము పొందెను. ఆ కాలమున శిల్పమునకును పతకము లుండెడివి. కంటిని చేతిని ఒకటి చేయుటలో తుపాకికిని ఉలికిని చుట్టరికము గలదని చెప్పుటకు ఇతనికంటె మంచి సాక్షి దొరకడు.

1878 ప్రాంతమున విలియము లైమను అనునతడు కనెక్టికటులో గుఱులను మాత్రమే చేసి యమ్ము వ్యాపారము పెట్టెను. అతని ప్రసిద్ధి ముఖ్యముగా రైఫిలు గుఱులవలన వచ్చినది. సాన్‌ఫ్రాన్సిస్కోలో కింగు కంపెనీవారు రివాల్వరుల కొక చిత్రమైన గుఱిని చేసిరి: ముందరి వాలుబల్లపై చిన్న అద్దపు బిళ్ళ నమర్చిరి, అది ఆకాశపు వెలుతురును ఎఱ్ఱని పూసమీదికి చిమ్మును, సందెవేళ గూడ పూస నిప్పుకణికవలె కనబడును. తుపాకి చేసిన కంపెనీ వేఱు, గుఱి చేసిన కంపెనీ వేఱు, దానిని బిగించువాడు మూడవవాడు. అమెరికా పల్లెలలో దగ్గఱ తుపాకిపనివాడు లేనివారు తమ పశులకొట్టము ప్రక్కనున్న పనిబల్లమీదనే యీ పని చేసికొనిరి. నాగటికఱ్ఱును తానే సాగగొట్టుకొను రైతునకు ఇది పెద్దపని కాదు. పెద్దపని కాదనుకొనుటచేతనే కొన్ని చెడినవి.

1940లో స్మిత్తు వెస్సను కంపెనీ తన చిన్న తూటాల పోటీ రివాల్వరునకు క్రొత్త వెనుకటి గుఱిని పెట్టెను. పైకి క్రిందికి త్రిప్పుట కొక మర, కుడియెడమల కొక మర. త్రిప్పిన ప్రతి మెట్టునకు టక్కుమని చేతికి తెలియును. కంటితో కొలువ నక్కఱలేదు. మెట్లు లెక్కపెట్టుకొన్న చాలును. 1955లో రూగరు కంపెనీ తన బ్లాకుహాకు రివాల్వరునకు గూడ సవరింపదగిన గుఱినే పెట్టెను. ఇక నెవ్వరును ఆకురాయి పట్టనక్కఱలేదని తోచునుగదా? అట్లు కాలేదు. మరలున్న గుఱి వచ్చుటతో దానికి బదులు గుఱులు చేయు వ్యాపారము లింకను పెరిగినవి. తెల్లగీత గల గాడి కొందఱికి, ఎఱ్ఱని మెఱుపు ముక్క గల ఱెక్క కొందఱికి, చీకటిలో తనంత వెలుగు గుళిక గలది మఱికొందఱికి కావలసివచ్చెను.

ఈ పని యింట నెట్లు చేయుదురో వినుడు. అన్నిటికంటె ముందు తుపాకిలో తూటాలు లేవని చక్రము తెఱచి, ఆఱు అఱలను వేలితో తడివి చూతురు. తూటాలపెట్టెను వేఱొక గదిలో నుంచుదురు. స్మిత్తు వెస్సను రివాల్వరు వెనుకటి గుఱి పొడవైన సన్నని పట్టీ. దాని ముందరి కొనయందున్న ఒక్క మరమేకును తీసిన పట్టీ వదలును. ఎత్తు సవరించు మరకు అడుగున నున్న చిన్న బొడిపెను చట్రపు గాడినుండి ప్రక్కకు జార్చిన మొత్తము చేతికి వచ్చును. ఆ మరమేకు తలగాడికి సరిగా పట్టు స్క్రూడ్రైవరు లేనిచో తల చెక్కుకొనిపోవును. ఇంటిపనులలో మొదటి నష్టము సాధారణముగా నిదే. రూగరు గుఱికి అడ్డముగా నొక చీల యుండును. దానిని ఇత్తడి చువ్వతోనో సరియైన ఉక్కు చువ్వతోనో మెల్లగ తట్టి వెడలించినపుడు అడుగున నున్న చిన్న స్ప్రింగులు మిడుతలవలె ఎగిరిపోవును. ఎగిరిన స్ప్రింగు గదిలో దొరకుట దుర్లభము. ఎఱిగినవారు పైని గుడ్డ కప్పి చీలను తీయుదురు.

అడ్డగాడిలో బిగించు ముందరి గుఱి యైనచో పని మఱింత నేర్పుతో కూడినది. క్రొత్త ముక్క గాడికంటె కొంచెము పెద్దదిగా వచ్చును. అది కావలెననియే యట్లు చేయుదురు. ముక్క అడుగుభాగమును ఆకురాయిమీద రాచి రాచి తగ్గింతురే కాని తుపాకి గాడిని ముట్టరు. చవుకైన ముక్క చెడిన మఱియొకటి కొనవచ్చును. గాడి చెడిన గొట్టమే చెడును. వ్రేలితో మూడవ వంతు దూరునంతవఱకు తగ్గించి, మిగిలినదానిని ఇత్తడి కడ్డీతో తట్టి దిగవేయుదురు. గొట్టమును పట్టు ఇనుపదవడలకు తోలో మెత్తని కఱ్ఱయో అడ్డుపెట్టకున్న పైనున్న నీలివన్నె గీచుకొనిపోవును. మిక్కిలి బిగించిన పలుచని గొట్టము నొక్కుకొనిపోవును. ఱెక్కను సీసపుటతుకుతోనో వెండియతుకుతోనో అతుకుట ఇంటిపని కాదని నా తలంపు. అధికమైన వేడి ఉక్కు పదునును దించును, వన్నెను చెఱచును. దించిన పదును మరల రాదు.

అటుపిమ్మట పరీక్ష. ఇసుకసంచిపై చేయి నానించి, ఒకే రకపు తూటాలతో అయిదాఱు గుండ్లు కొట్టి, వాని గుంపు నడిమి తావును చూచి ఆకురాయి పట్టుదురు. ఒక్క గుండును చూచి పట్టరు. ఒక్క గుండు చేతి తప్పు కావచ్చును, కంటి తప్పు కావచ్చును. అయిదు గుండ్లు కలిసి చెప్పినదే తుపాకి మాట. మొదట ఱెక్కను కావలసినదానికంటె ఎత్తుగా నుంచి, నాలుగు త్రోపులు రాచి మరల పరీక్షించి, లక్ష్యమునకు అంగుళము క్రిందుగా వచ్చినపుడే నిలుపువాడు బుద్ధిమంతుడు. మఱునాడు కన్ను తేఱిన తరువాత మిగిలిన పని చూచుకొనును.

ఇంత జాగ్రత్త యేల యందురేమో. తప్పిన త్రాసుముల్లు వలన సరకు నష్టము. తప్పిన తుపాకి గుఱివలన నష్టము వేఱు. వేటలో గుండు నాలుగంగుళములు తప్పిన మృగము చావక గాయముతో అడవిలో పడి రోజులకొలది బాధపడును. రక్షకభటుని చేతిలో తప్పిన గుండు లక్ష్యమును దాటి వెనుకనున్న వీధిలో ఎవనికో తగులును. బిగువుతప్పిన గుఱి తుపాకి తన్నిన ప్రతిసారి కొంచెము జరుగుచుండును. పట్టుకొన్నవానికి అది తెలియదు. అతడు తన చేతిని నిందించుకొని, చేతి పట్టు మార్చుకొని, ఉన్న విద్యను గూడ పోగొట్టుకొనును.

మన దేశమున నీ గృహవిద్య పెరుగలేదు. కారణము మీరెఱుగనిది కాదు. 1857 తరువాత పాలకులు జనులచేతిలో ఆయుధము లుండుట కోర్వలేదు. లిట్టను ప్రభువు కాలమున, 1878లో వచ్చిన ఆయుధశాసనము అనుమతిపత్రము లేక తుపాకిని పట్టరాదనెను. ఐరోపావారి కందులో మినహాయింపు లుండెను. ఆంగ్లపాలనమందలి దుష్కృత్యములలో జాతిని నిరాయుధము చేసిన శాసనమును చరిత్ర మిక్కిలి నల్లనిదిగా ఎంచునని 1918లో గాంధీమహాత్ముడు తన కరపత్రమునందు వ్రాసెను. అహింసావ్రతుడు అట్లు వ్రాయుట కొందఱకు వింతగా తోచినది. భయముచేత చేయనిదానికిని ధర్మముచేత మానినదానికిని ఆయన భేదము నెంచెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1959లో చేసిన శాసనము 1962లో అమలునకు వచ్చినది. తుపాకి నుంచుకొనుటకే కాదు, దానిని మరమ్మతు చేయుటకును అనుమతి వలయునని అందున్నది. కావున నేను చెప్పిన యింటిపని అమెరికాలో నింటిపనియే కాని, ఇచ్చట అనుమతిగల తుపాకిపనివాని పని.

1985 ప్రాంతమున రూగరు కంపెనీ జీపీ 100 అను రివాల్వరును చేసినపుడు ముందరి గుఱి క్రింద స్ప్రింగుగల చిన్న బొడిపె నుంచెను. బొడిపెను సన్నని పుల్లతో నొక్కిన ఱెక్క ఊడి చేతికి వచ్చును. వేఱొక ఎత్తుదానినో వేఱొక రంగుదానినో పెట్టి వదలిన బిగిసికొనును. సుత్తి లేదు, ఆకురాయి లేదు, పిల్లవాని యాటవలె నున్నది. అయినను స్థిరపు గుఱుల రివాల్వరులు నేటికిని తయారగుచునే యున్నవి, వానికి ఆకురాయి పట్టువారును ఉన్నారు.

చివరకు చత్వారపు సంగతి యొకటి చెప్పి విడిచెదను. నలువదియేండ్లు దాటిన కంటికి చేతిపొడుగు దూరమున నున్న ముందరి ఱెక్క మసకబారును; దూరపు లక్ష్యము మాత్రము స్ఫుటముగా కనబడును. యువకుడు ఱెక్కను స్పష్టముగా చూచి లక్ష్యమును మసకగా నుంచుకొనవలయునని విద్య. ముసలికన్ను దానికి నేరుగా తిరుగబడును. ముందరి ఱెక్కను వెడల్పుచేసిరి, బంగారుపూస పెట్టిరి, కొంతవఱకే గుణమిచ్చినది. పోటీలలోని పెద్దవారు కనిపెట్టిన యుపాయము వేఱు: కళ్ళజోటి అద్దముమీద సన్నని రంధ్రముగల నల్లబిళ్ళ నంటించి, ఆ రంధ్రముగుండ చూచుట. సన్నని రంధ్రము కంటిలోనికి చెదరిన కిరణములను రానీయదు గనుక దగ్గఱిదియు దూరపుదియు రెండును తేటపడును. వెలుతురు మాత్రము తగ్గును. దీనికి తుపాకి యక్కఱలేదు. రేపు ప్రొద్దున మంచి యెండలో కూర్చుండి, కళ్ళజోడు తీసివేసి, చూపుడువ్రేలిని బొటనవ్రేలి మొదట మడిచి చీమ దూరునంత రంధ్రము చేసి, దానిగుండ వార్తాపత్రిక చదివి చూడుడు.